ఒక్కపొద్దు ఉన్న ట్రాక్టరు

ఆ రోజుల్లో హిందూపురంలో అసూయపడదామన్నా పెద్దగా సరంజామా దొరికేది కాదు. చేతి గడియారం ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డైనమో దీపం ఉన్న సైకిలు వీధికొకటి ఉంటే గొప్ప. ఇప్పటివాళ్లకు చేతిలో ఫోను తెరిస్తే చాలు, లోకంలో ఉన్నవాళ్లందరి వైభోగమూ కళ్లముందు పరుచుకుంటుంది. మాకు అంత అదృష్టం లేదు. ఒకడి క్రాపు చూసి, ఇంకొకడి చెప్పులు చూసి, ఉన్నంతలోనే సర్దుకుని కుళ్ళుకునేవాళ్లం. అయితే ఈ విషయంలో నాకు మాత్రం ఏ లోటూ రాకూడదని దేవుడు ప్రత్యేకంగా ఒక మనిషిని బెంగుళూరులో రైలెక్కించి మా ఊరికి పంపించాడు. అతనికి నేను పెట్టుకున్న పేరు నీలంకోటు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. పెనుకొండ రోడ్డులో ఒక వర్కుషాపులో ఆరేళ్లుగా ఫిట్టరును. (ఫిట్టరు అని నేను చెప్పుకునేవాణ్ణి. మా ఓనరు మాత్రం నన్ను 'పంపుసెట్టు' అని పిలిచేవాడు. చుట్టుపక్కల ఏ బావిలో ఆయిలింజను మొరాయించినా నడుముకు తాడు కట్టుకుని దిగేది నేనే కాబట్టి ఆ బిరుదు.) మడకశిర నుంచి గోరంట్ల దాకా నేను దిగని బావి లేదు, నేను తిట్టని ఇంజను లేదు. ఇంతలో ఆ పక్క పల్లెల్లోకి ఒకటీ అరా చిన్న ట్రాక్టర్లు రావడం మొదలైంది. వాటి కడుపులో ఏముందో మాలో ఎవరికీ తెలియదు. అందుకని మా ఓనరు బెంగుళూరు నుంచి ట్రాక్టరు పని తెలిసిన మనిషిని పిలిపించాడు.

మనిషి దిగాడు. మెడ నుంచి మడమల దాకా ఒకటే నీలంకోటు. దానికి మూడు జేబులు, ఒక జేబులో పెన్సిలు. మెకానిక్కుకు పెన్సిలు ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు, కానీ ఆ పెన్సిలు మీద నేను ఏడ్చినంత ఏడుపు మా తాత పోయినప్పుడు కూడా ఏడవలేదు. స్పానర్లన్నీ గుడ్డసంచీలో చిన్నదాని పక్కన పెద్దది వరసగా పడుకుని ఉండేవి. నా స్పానర్లు కిరసనాయిలు డబ్బాలో గుంపుగా కాపురం చేసేవి. పది నంబరు కావాలంటే డబ్బా బోర్లించాలి. అతను ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. వైద్యుడు నాడి చూసినట్టు ఉండేది ఆ భంగిమ. గేరుబాక్సు విప్పినా సరే, సాయంత్రానికి అతని చేతులు తెల్లగా ఉండేవి, ఎందుకంటే అతనికి సొంత సబ్బు, దానికో పెట్టె. మా ఓనరు అతనికి కాఫీ గాజు గ్లాసులో తెప్పించేవాడు. నాకు సత్తులోటా. కాఫీ ఒకటే, కొట్టు ఒకటే, అయినా ఆ గాజు గ్లాసులోంచి వచ్చే వాసన వేరు అని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

అసూయపడితే ఒళ్లు మండుతుందని అందరూ అంటారు. నాకు అది ఆకలి లాగా ఉండేది, వేళకు తప్పకుండా వచ్చేది. పోనీ అతను ఏ గర్విష్ఠో అయితే నాకు కాస్త హాయిగా ఉండేది. అదీ కాదు. నన్ను చూసి నవ్వేవాడు, "ఏమప్పా, టిఫిన్ అయిందా?" అని అడిగేవాడు, తన సబ్బు వాడుకోమనేవాడు. (వాడుకున్నాను. కోపంతో వాడుకున్నాను.)

ఇలా నడుస్తుండగా మా ఓనరు ఒకరోజు ఇద్దర్నీ పిలిచి చెప్పాడు. "పెనుకొండలో కొత్త షెడ్డు పెడతాండా. విత్తనాలు అయిపోయినాక మీ ఇద్దర్లో ఒకర్ని ఆడ కూర్చోబెడతా. బోర్డు మీద మెకానిక్కు ఫలానా అని పేరు గూడా రాయిస్తా. ఎవరనేది మీ పని చూసి చెప్తా." బోర్డు మీద పేరు! ఆ మాట వినగానే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి వెళ్లి అమ్మతో చెబితే, ఆమె 'ఇద్దర్లో ఒకరు' అన్న ముక్క వదిలేసి మిగతాదంతా వీధిలో చాటింది. మర్నాటికల్లా నేను పెనుకొండ మేనేజరును. ఇప్పుడు ఆ షెడ్డు రాకపోతే నేను వీధిలో తల ఎత్తుకుని తిరిగేది ఎలాగ?

పెనుకొండ దగ్గర పల్లెలో ఒక పెద్ద రైతు ఉండేవాడు. ఊరంతా పెద్దాయన అనే పిలిచేది. ఆ చుట్టుపక్కల మొట్టమొదటి చిన్న ట్రాక్టరు ఆయనదే. బూడిదరంగులో, బాగా మేసిన దూడంత ఉండేది. దాని వెనక హైడ్రాలిక్ లిఫ్టు ఉంటుంది, అంటే చేతిపిడి కదిపితే మడకను (మా సీమలో నాగలికి ఆ పేరు) నూనె బలంతో పైకెత్తుతుంది, కిందికి దించుతుంది. వేసవి చివర ఆ లిఫ్టు లేవనని భీష్మించింది. నీలంకోటు ఒక్కడే వెళ్లి, లోపలి ఫిల్టరు మూసుకుపోయిందని కడిగి బిగించి వచ్చాడు. పెద్దాయన సంతోషపడి ఒక గంప మామిడిపండ్లు పంపించాడు. ఓనరు ఆ గంప ముందు కూర్చుని "పనోడంటే వాడప్పా" అని నా మొహం చూస్తూ అన్నాడు. నేను రెండు పండ్లు తిన్నాను కానీ, రుచి చూడకుండా తిన్నాను.

సరిగ్గా పదిహేను రోజులకు మంచి వాన పడింది. వేరుశనగ విత్తడానికి నేలకు సరిపడా పదునిచ్చే వాన. సీమ జిల్లాలన్నీ ఆ వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే పెద్దాయన మనిషి పరుగెత్తుకొచ్చాడు. "లిఫ్టు మళ్లా లేచల్లేదు. మడక నేలకు అతుక్కొనుండాది." హిందూపురంలో అందరూ వాన పడినందుకు సంతోషించారు. నేను ఒక్కణ్ణే లిఫ్టు పడిపోయినందుకు సంతోషించాను. ఓనరు మొహం మాడ్చుకుని "ఈసారి ఇద్దరూ పోండి" అన్నాడు. నేను మొట్టమొదటిసారిగా నా స్పానర్లను గుడ్డలో వరసగా చుట్టుకున్నాను.

పెద్దాయన ఇంటి ముందర పందిట్లో ట్రాక్టరు నిలబడి ఉంది, వీపు నిండా పసుపు, కుంకుమ. కొత్త బండికి అది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. గడప దగ్గర పెద్దాయన తల్లి కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ల అవ్వ. చేతిలో దంచుకునే చిన్న రోలు. "ఏమి నాయనా, దానికి కడుపులో ఏమొచ్చింది?" అని అడిగింది. "చూస్తామవ్వా" అన్నాను. పెద్దాయన మీసం మెలేస్తూ "పదును మూడు దినాలు నిలిస్తే ఎక్కువ. ఎద్దుల్ని గూడా అమ్మేస్తి దీన్ని నమ్ముకొని" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది.

ఆ ట్రాక్టర్లో నూనె పంపులోకి పోయేముందు ఒక జాలిలోంచి పోవాలి. సన్నటి తీగతో అల్లిన పొడుగాటి లోటా అనుకోండి. అది మూసుకుపోతే పంపుకు నూనె అందదు. అది చిరిగితే చెత్త పంపులోకి పోయి మొత్తానికే ఎసరు. ఇంట్లోవాళ్లు ఇచ్చిన గంగాళంలోకి నూనె దించి, ఫిల్టరు బయటికి తీశాం. జాలి కనిపించలేదు. చుట్టూ వేలు మందాన నల్లగా, మధ్య మధ్య పచ్చగా, ఎండిపోయిన సున్నిపిండిలాంటి ముద్ద. నీలంకోటు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల ఎత్తి గడప వైపు చూశాడు. మళ్లీ ఫిల్టరు వైపు చూశాడు. (క్రితంసారి తాను కడిగిన కడుగుడికి సిగ్గుపడుతున్నాడని నేను లోలోపల పండగ చేసుకున్నాను.)

"కిరసనాయిల్లో గంటసేపు నానబెడదాం" అన్నాడు చివరికి. గంటసేపా? ఎదురుగా పెద్దాయన నిలబడి చూస్తుంటే? నీలంకోటు చేతకానిపని నేను చిటికెలో చేసి చూపించే అవకాశం ఇదొక్కటే. ఫిల్టరు అతని చేతిలోంచి దాదాపు లాక్కున్నాను. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ ముద్దను గీకడం మొదలుపెట్టాను. "స్వల్ప తాళప్పా, జాలి సన్నం" అన్నాడతను. ఆగమని అతను చెప్పడం వల్లే ఆగలేదు. ఇంకో రెండు గీతలు. మూడో గీతకు పర్రుమని చప్పుడైంది. చూపుడువేలంత పొడుగున జాలి నోరు తెరిచింది.

"ఏమది?" అన్నాడు పెద్దాయన.

నా నోట్లోంచి నేను పిలవకుండానే ఒక మాట బయటికొచ్చింది. "ముందే చినిగుండాది సామీ. పోయినసారి విప్పినప్పుడే చినిగినట్టుండాది." అని ఊరుకోకుండా నీలంకోటు వైపు ఓరగా చూశాను కూడా. అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. అంతే. నన్ను పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే నాకు ఎంత బాగుండేదో!

కొత్త ఫిల్టరు రావాలంటే మద్రాసు నుంచి రావాలి, మూడు వారాలు పడుతుంది. ఆ మాట విని పెద్దాయన పందిరి గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. నీలంకోటు "నేను టంకం వేసి చూస్తా" అని ఇంకా నోరు మూయకముందే నేను అడ్డం పడ్డాను. "ఏం పనిలేదు. ధర్మవరంలో మా మామ ఉండాడు. రేపు పొద్దున్నకంతా అతికిచ్చుకొని వస్తా." తుండుగుడ్డలో ఫిల్టరును చంటిబిడ్డలా చుట్టుకుని పెనుకొండ స్టేషనుకు పరుగెత్తాను.

ధర్మవరం పాసింజర్లో నా ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ ఆ తుండుగుడ్డ మీదే కన్ను. "ఏమబ్బా అది, కాఫీ జల్లెడనా?" అన్నాడొకాయన. "ఎలుకల బోను మాదిరి ఉండాదే" అంది పక్కనున్నామె. ట్రాక్టరు సామాను అని చెబితే నమ్మలేదు. అంత పెద్ద బండికి ఇంత చిన్న జల్లెడ ఎందుకని వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. నా మనసు మాత్రం అక్కడ లేదు. ఈపాటికి పెద్దాయన ఇంట్లో నీలంకోటుకు ఆకు వేసి ఉంటారు. వేడి సంగటి ముద్ద, దానికో గుంట, ఆ గుంటలో నెయ్యి, పక్కన కోడికూర. నేనేమో పొద్దుటి నుంచీ పస్తు. జాలి చించింది నేను, కోడికూర అతనికి! ఆ అన్యాయం తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. (చించినవాడే రైలెక్కాలి కదా అన్న ఆలోచన ధర్మవరం దాకా రానేలేదు.)

ధర్మవరంలో మా మేనమామకు స్టవ్వులు, గ్యాసులైట్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. వెనక ఇంట్లో మా అత్త పట్టుచీరలు నేసేది. మామ ఫిల్టరును వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "ఏ బండ నాయాల్రా దీన్ని చించింది?"

"ఒక బెంగుళూరాయన మామా."

"వానికి మెకానిక్కు పనెవరిచ్చిరి? రాళ్లు కొట్టేదానికి గూడా పనికిరాడే! జాలి మీదికి స్క్రూడ్రైవరు తెచ్చినాడంటే వాడు మనిషా?" మా మామ పావుగంటసేపు ఆ బెంగుళూరాయన్ని, అతని చేతుల్ని, అతనికి పని నేర్పిన గురువును తిట్టాడు. గురువు మా మామే. చిన్నప్పుడు టంకం కొలిమి ముందు నన్ను కూర్చోబెట్టింది ఆయనే. నేను తల ఊపుతూ "అవును మామా, అవును మామా" అంటూ నా తిట్లు నేనే తిన్నాను.

కిరసనాయిలు గరాటాల్లో వేసే సన్నటి ఇత్తడి జాలి ముక్క మామ దగ్గర ఉంది. దాన్ని చిరుగు మీద పెట్టి నిండా టంకం పోయబోతుంటే అత్త చూసి పరుగున వచ్చింది. "అట్ల పోస్తే కన్నాలన్నీ మూసుకపోవా? ఇంగ నూనె యాడ పోతాది?" అంది. మగ్గం మీద పోగు తెగితే కొత్త పోగును పాత పోగుకు అతికి మెలిపెడతారు. చీర కట్టుకున్నామెకు కూడా అతుకు కనపడదు. అత్త ఆ ముక్కను అలాగే పట్టింది. ముక్క అంచుల్లో తీగలు విడదీసి, చిరుగు అంచు తీగలకు ఒక్కొక్కటే కలిపి, సూదిమొనతో మెలిపెట్టుకుంటూ పోయింది. ఆ చుట్టూతా మామ టంకాన్ని గీతలా తిప్పాడు, మధ్యలో ఒక్క చుక్క పడకుండా. మూడు గంటలు పట్టింది. ఎత్తిపట్టి చూస్తే, వెలుతురు కన్నాల్లోంచి సమంగా రాలింది. నీలంకోటు కూడా ఇంత బాగా చేయలేడు అనుకున్నాను. నేనూ చేయలేదన్న సంగతి పక్కన పెట్టి.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కిరసనాయిల్లో కడిగిన మడ్డి పళ్లెం అడుగున పేరుకుంది. అత్త దాన్ని పారబోయబోయి ఆగింది. వేలితో కలిపి రెండు గింజలు పైకి తీసింది. "ఇవి అక్షింతలు కదప్పా! ఇదిగో పసుపు. ట్రాక్టరుకు పెండ్లి గాని చేసినారా ఏమి?" అంది.

బియ్యపు గింజలే. నూనెలో నానీ నానీ నల్లబడ్డాయి, చిదిమితే లోపల పచ్చగా ఉన్నాయి. గడప దగ్గర కూర్చున్న అవ్వ, ఆ చిన్న రోలు, ట్రాక్టరు వీపు నిండా పసుపు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫిల్టరు మూసుకుపోయింది నీలంకోటు సరిగా కడగక కాదు! ఆ నిజం తెలియగానే నాకు కలిగిన మొదటి భావం ఏమిటో దాచకుండా చెబుతున్నాను. దిగులు. అతని తప్పు లేదని తెలిసినందుకు దిగులు.

మర్నాడు శుక్రవారం. పొద్దుటి బండికే పెనుకొండలో దిగి పల్లె చేరేసరికి పెద్దాయనా నీలంకోటూ చేను చూడటానికి వెళ్లారు. పందిట్లో అవ్వ ఒక్కతే ఉంది. తలస్నానం చేసి, పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని, ట్రాక్టరు నూనెమూత విప్పి, ఎద్దులకు మందు తాపే వెదురుగొట్టం దాని నోట్లో పెట్టింది. రెండో చేతిలో ఆముదం గిన్నె.

"అవ్వా!" అని కేక పెట్టాను.

అవ్వ ఉలిక్కిపడింది, కానీ గొట్టం వదల్లేదు. "అరవొద్దప్పా, బిడ్డ బెదురుతాది. కడుపు పట్టేసి లేచల్లేదు కదా పాపము. మా ఎద్దులకు ఇట్లే ఆముదము తాపుతాంటి. శుక్రవారము శుక్రవారము రోన్త పసుపు, రోన్త ఆముదము, నాలుగు అక్షింతలు. తొలివారం నుంచీ చేస్తాండా. ఎందుకో దీనికి గుణము కనపల్లేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎద్దుల్ని అమ్మిన రోజు ఆమె అన్నం తినలేదట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ విత్తనాల ముందు పశువుకు మందు తాపిన చెయ్యి; ఇప్పుడు పశువు లేదు, చెయ్యి ఊరుకోలేదు. ఇది యంత్రమవ్వా, పసుపు పడితే జాలి మూసుకుపోతుంది అని చెబితే ఆమెకు ఎక్కదు. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి చెప్పాను. "అవ్వా, నీకు తెలీదా? ఈ బండి ఒక్కపొద్దు ఉంటాది."

అవ్వ చెయ్యి ఆగింది. "ఒక్కపొద్దా?"

"అవును. మేము పోసే నూనె తప్ప లోపలికి పచ్చి గంగ గూడా ముట్టదు. నువ్వు ఆముదము పోస్తే దాని ఒక్కపొద్దు చెడిపోతాది. అందుకే అలిగి లేచల్లేదు."

"శుక్రవారమేనా?"

"వారమంతా అవ్వా. ఏడాది పొడుగునా."

అవ్వ గొట్టం బయటికి తీసేసింది. వారమంతా ఒక్కపొద్దుండే ఆ బూడిదరంగు బండి వైపు రెండు చేతులూ జోడించింది. "మహాతల్లి! నేనే తెలీక దాని నోట్లో పోస్తిని." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుక్కు చెప్పొద్దు నాయనా. పదును పోతాదని రెండు దినాలుగా వానికి కంటి మీద కునుకు లేదు. నావల్లే అని తెలిస్తే..." చెప్పనని మాటిచ్చాను. బొట్టు ముందు రేకుకు బయట పెట్టుకోమన్నాను. ఆమె సంబరంగా అటు వెళ్లింది.

నీలంకోటూ నేనూ ఫిల్టరు బిగించి, కొత్త నూనె పోసి, మూత వేసేసరికి మా ఓనరు కూడా మోటారు సైకిలు మీద వచ్చేశాడు. పెద్దాయన ఇంజను తిప్పి, పిడి లాగాడు. మడక ఒక్క కుదుపు కుదిపి, నింపాదిగా గాలిలోకి లేచింది. దించితే దిగింది. ఎత్తితే లేచింది. పెద్దాయన మొహం విచ్చుకుంది. "పనోడంటే వీడప్పా!" అని నా భుజం మీద చరిచాడు. ఆ మాట కోసం నేను మామిడిపండ్ల రోజు నుంచీ కాచుకుని ఉన్నాను.

ఓనరు నీలంకోటు వైపు తిరిగాడు. "పదైదు దినాలు గూడా నిలిచల్లేదే నీ పని! ఏం కడిగినావు? జాలి చినిగితే గూడా చూసుకోలేదంట?"

గడప దగ్గర అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నీలంకోటు ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నా పొరపాటే సార్. సరిగా కడగలేదు. జాలి కూడా నేనే చూసుకోలేదు" అన్నాడు.

నేను నోరు విప్పాల్సిన క్షణం అది. అవ్వకు మాటిచ్చాను కదా, ఎలా చెబుతాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మాట ఎంత పవిత్రంగా ఉందో, అంత అనువుగానూ ఉంది. కానీ జాలి చించింది నేను. అది చెప్పడానికి ఏ అవ్వా అడ్డం లేదు. చెప్పలేదు. తల వంచుకుని నా స్పానర్లను గుడ్డలో వరసగా సర్దుకున్నాను.

ఆ పదునులోనే పెద్దాయన చేనంతా విత్తనం పడింది. నెల తిరిగేసరికి పెనుకొండ షెడ్డు ముందర బోర్డు మీద నా పేరు ఎక్కింది. నీలంకోటు ఉద్యోగం మానేసి బెంగుళూరు వెళ్లిపోతున్నానన్నాడు. సాగనంపడానికి హిందూపురం స్టేషనుకు నేను వెళ్లాను. మంచితనంతో కాదు, నిజంగా వెళుతున్నాడో లేదో కళ్లారా చూసుకుందామని. రైలు రావడానికి ముందు అతను చెవికి పెట్టుకునే ఆ స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టాడు. "షెడ్డులో పనికొస్తుంది. జాలి మీద మాత్రం వాడొద్దు" అని నవ్వాడు. తర్వాత పెన్సిలు జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో నల్లబడిన బియ్యపు గింజలు నాలుగు.

"మొదటిసారి కడిగినప్పుడే దొరికినాయి" అన్నాడు. "కొత్త బండి కదా, ఒకసారి పూజ చేసి ఉంటారు అనుకున్నా. వారం వారం అని తెలీదు. రెండోసారి వాసన చూస్తూనే అర్థమైంది. కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఏం చెప్పేది? ముసలామెకు మాట పడుతుంది."

"మరి జాలి సంగతి? అది చించింది..."

"దానికేముందప్పా" అన్నాడు. "ఆ షెడ్డు నీకెంత కావాలో నీ మొహం చూస్తేనే తెలుస్తుండె. నాకైతే బెంగుళూరు ఉంది."

రైలు వచ్చింది, వెళ్లింది. స్క్రూడ్రైవరు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నేను మిగిలాను. నేను గెలుచుకున్నాననుకున్న షెడ్డు, అతను వదిలేసి పోయినది. ఆ రోజు నాకు అతని మీద కలిగిన అసూయ ముందు, కోటు మీదా పెన్సిలు మీదా పడినదంతా పిల్లల ఆట.

ఆ తర్వాత అవ్వ బతికి ఉన్నన్నాళ్లూ పెనుకొండ వచ్చినప్పుడల్లా షెడ్డుకు చెంబెడు మజ్జిగ తెచ్చేది. "ఆ నీలం చొక్కా అబ్బాయీ, నువ్వూ ఇద్దరూ బంగారట్లాంటోళ్లు నాయనా. నా మాట బయటికి రానీలేదు" అనేది. నన్ను అతని పక్కన నిలబెట్టి పొగిడేది ఆమె ఒక్కతే. ఆ మజ్జిగ ఎప్పుడూ సరిగా గొంతు దిగేది కాదు. దించేవాణ్ణి.

మరుసటి ఏడాదే నేనూ ఒక నీలంకోటు కుట్టించుకున్నాను, మూడు జేబులతో. పెన్సిలూ పెట్టుకున్నాను. గాజు గ్లాసులో కాఫీ తాగాను. వాసన ఒకటేనని తేలింది. ఎనభై దాటాక ఇప్పుడు అతని మీద నాకున్న అసూయలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి, పళ్లతో పాటు. ఒక్కటి మాత్రం పోలేదు. ఎవరైనా నాకు అన్యాయం చేసినప్పుడు, పక్కింటాయన నా నీళ్ల వంతు వాడుకున్నప్పుడో, మనవడు నా కళ్లద్దాలు విరగ్గొట్టి పిల్లి మీదికి నెట్టినప్పుడో, నేను అతనిలాగే తేలిగ్గా నవ్వి "దానికేముందప్పా" అని చూస్తుంటాను. ఎంత సాధన చేసినా ఆ గొంతు రావడం లేదు. వంటింట్లోంచి మా ఆవిడ మాత్రం "మళ్లా బెంగుళూరాయన మాదిరి మాట్లాడతాండావా?" అని నవ్వుతుంది.